మిన్ను ఎడమ కన్ను

బుధవారం పొద్దున్నే హెప్సిబా స్కూటీకి సంచి తగిలించుకుంటుంటే ఫోన్ మోగింది. భవానీపురం నుంచి శివపార్వతిగారు. ఆవిడ ఫోన్ చేస్తే ముందు తన మోకాళ్ళ నొప్పుల సంగతి, ఆ తర్వాతే కుక్క సంగతి. ఆ రోజు మోకాళ్ళ ఊసే లేదు.

"మిన్ను ఎడమ కన్ను తెరవట్లేదమ్మాయ్. సోమవారం నుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. ఇవాళ చూస్తే కంటి మీద తెల్లగా పొరలా ఉంది."

హెప్సిబా ఏదో అనేలోపే ఫోన్ ఆవిడ భర్త వెంకటసుబ్బారావుగారి చేతిలోకి వెళ్ళింది.

"శనివారం నువ్వేగా జుట్టు కత్తిరించింది. కత్తెర తగిలించావా?"

"లేదు అంకుల్."

అనేసింది. ఆ మాట నిజమో కాదో ఆమెకే తెలియదు.

శనివారం మిన్నును వాళ్ళ భోజనాల బల్ల మీద నిలబెట్టి, రెండు కళ్ళ మధ్య ముక్కు మీద పెరిగే వెంట్రుకలు కత్తిరిస్తోంది. షిట్జూ కుక్కలకు అక్కడి వెంట్రుకలు పైకి, పువ్వు విచ్చుకున్నట్టు పెరుగుతాయి. ఎప్పటికప్పుడు తీయకపోతే కళ్ళలోకి పొడుచుకుంటాయి. సరిగ్గా అప్పుడే వంటింట్లో కుక్కర్ కూత పెట్టింది. మిన్ను తల విదిలించింది. హెప్సిబా చెయ్యి వెనక్కి లాగేసుకుంది. వంగి కన్ను చూసింది. ఎర్రగా లేదు, నీరు లేదు. మొనలు గుండ్రంగా ఉండే కత్తెరే. పర్వాలేదనుకుంది. హాల్లో కూర్చున్న భార్యాభర్తలకు ఆ సంగతి చెప్పలేదు. తోక దగ్గర జుట్టు దువ్వి, కాళ్ళ గోళ్ళు తీసి, మిన్ను మెడకు చిన్న గుడ్డ కట్టి ఇచ్చి వచ్చేసింది.

ఇప్పుడు ఆ ఒక్క క్షణమే మళ్ళీ మళ్ళీ కళ్ళ ముందుకొస్తోంది. కూత ముందా, కత్తెర మూయడం ముందా?

హెప్సిబాది కూచిపూడి దగ్గర పల్లెటూరు. తండ్రి బాలశౌరి పొలం పనులకు వెళ్ళేవాడు, తల్లి ఆదెమ్మ నాట్లకు, కోతలకు. చిన్నప్పటి నుంచీ హెప్సిబా ఒక చోట కుదురుగా కూర్చునే పిల్ల కాదు. చర్చిలో ప్రసంగం సాగుతుంటే ముందు వరసలో పిల్లల జడలు విప్పి మళ్ళీ అల్లేది. ఇంటర్ అయ్యాక బెజవాడ వచ్చి బ్యూటీషియన్ కోర్సు చేసింది. లబ్బీపేటలో ఒక పార్లర్‌లో తొమ్మిదేళ్ళు పని చేసింది. ఆటోనగర్‌లో లారీల బాడీలు కట్టే షెడ్డులో వెల్డరుగా ఉన్న జాన్ పాల్‌ను పెళ్ళి చేసుకుని విద్యాధరపురంలో కాపురం పెట్టింది.

కరోనా రోజుల్లో పార్లర్ మూతపడింది. నెల రోజులు ఇంట్లో ఉండేసరికి ఆమెకు పిచ్చెక్కినంత పనయింది. ఉన్న రెండు గదులే రోజుకు మూడుసార్లు కడిగేది. అప్పుడు పార్లర్ యజమానురాలు ఫోన్ చేసి, తన షిట్జూ కుక్కకు మూడు నెలలుగా దువ్వెన తగల్లేదని, జుట్టంతా అట్టలు కట్టి నడవలేకపోతోందని చెప్పింది. హెప్సిబా వెళ్ళి నాలుగు గంటలు కూర్చుంది. ఆమె జీవితంలో అన్ని గంటలు ఒక్క చోట కూర్చోవడం అదే మొదటిసారి. చంకల కింద, చెవుల వెనక ముద్దలు కట్టిన జుట్టు చాపలా ఊడి వచ్చింది. దాని కింద చర్మం ఎర్రగా ఒరుసుకుపోయి ఉంది. పని అయ్యాక ఆ కుక్క ఒళ్ళు దులుపుకుని, గది చుట్టూ పరుగులు పెట్టి, వచ్చి ఆమె ఒళ్ళో పడుకుంది. పార్లర్ మళ్ళీ తెరిచారు గాని హెప్సిబా వెళ్ళలేదు.

మనుషుల జుట్టు తెలిసిన చేతికి కుక్క జుట్టు నేర్వడం కష్టం కాలేదు. నేర్చుకోవాల్సింది కుక్కనే. షిట్జూకు జుట్టు రెండు పొరలు. పైది పొడవు, లోపలిది మెత్తన. రాలేది తక్కువ, చిక్కుపడేది ఎక్కువ. మొదలు నుంచి దువ్వితే నొప్పికి కరుస్తుంది, చివర్ల నుంచి పైకి రావాలి. స్నానం చేయించాక లోపలి పొర దాకా ఆరబెట్టకపోతే కృష్ణ ఒడ్డు ఉక్కపోతకు రెండు రోజుల్లో వాసన, మూడో రోజుకు పుండు. ముక్కు చప్పిడి కాబట్టి ఎండలో ఊపిరాడదు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా తెల్లారి ఆరులోపు తప్ప వీధిలోకి తేకూడదు. ఎండాకాలమని గుండు చేయించేవాళ్ళతో ఆమె పోట్లాడేది. ఆ జుట్టే వాటికి గొడుగని చెప్పేది. ఇంటికి కాపలా ఉంటుందా అని అడిగేవాళ్ళకు, "దొంగొచ్చినా వాడి ఒళ్ళో ఎక్కి కూర్చుంటుందండీ. దీని పనల్లా మీ వెనకాలే తిరగడం," అనేది.

ఇన్ని చెప్పే మనిషి, చెప్పాల్సిన ఒక్క మాట శనివారం చెప్పకుండా వచ్చేసింది.

వెంకటసుబ్బారావుగారు ఆమెను రమ్మనలేదు. అయినా వెళ్ళింది. ఇంటికి తాళం ఉంది. పక్కింటి వాళ్ళు కుక్కల డాక్టరు దగ్గరకు వెళ్ళారని చెబితే స్కూటీ అటు తిప్పింది. క్లినిక్‌లో శివపార్వతిగారి ఒళ్ళో మిన్ను తువ్వాలులో చుట్టుకుని ఉంది. ముందు కాలితో కన్ను రుద్దుకోబోతుంటే ఆవిడ ఆపుతోంది. సుబ్బారావుగారు హెప్సిబాను చూసి ముఖం తిప్పుకున్నారు. ఎరువుల వ్యాపారం నలభై ఏళ్ళు చేసి కొట్టు అమ్మేసిన మనిషి ఆయన. గొంతు పెద్దది. ఆ రోజు ఆ గొంతు వినిపించకపోవడమే ఆమెకు ఎక్కువ భయమేసింది.

డాక్టరు కీర్తన ముప్పై ఏళ్ళు దాటని అమ్మాయి. తొందరపడే రకం కాదు. సన్నటి కాగితం ముక్క ఒకటి మిన్ను కింది రెప్పలో పెట్టి ఒక నిమిషం గడియారం చూసింది. తర్వాత కుడి కంటికీ అలాగే.

"కన్నీరు ఎంత ఊరుతుందో చూసే పరీక్ష ఇది. కాగితం పదిహేను గీతల దాకా తడవాలి. ఎడమవైపు నాలుగు, కుడివైపు ఏడు. వీడి కళ్ళు ఎండిపోతున్నాయండీ. ఇది నిన్నా మొన్నా వచ్చింది కాదు."

"నీళ్ళు కారుతున్నాయని చెప్తుంటే ఎండిపోవడమేంటమ్మా?" అన్నారు సుబ్బారావుగారు.

"కారేది మంటకి. కంటికి కావాల్సిన చెమ్మ అది కాదు. జిగురులాంటి పుసి రోజూ వస్తోందా?"

శివపార్వతిగారు భర్త వైపు చూసింది. సంక్రాంతి ముందు నుంచీ వస్తోందని, వేడి చేసిందేమోనని తడిగుడ్డతో తుడుస్తున్నామని చెప్పింది.

కీర్తన రంగు చుక్క వేసి, గదిలో లైటు తీసి, నీలం దీపం పట్టింది. మిన్ను కంటి మధ్యలో పెసరగింజంత మచ్చ ఆకుపచ్చగా వెలిగింది.

"పుండు. ఏమన్నా గుచ్చుకుందా? గీసుకుందా? ఇంట్లో చుక్కల మందులేమన్నా వేశారా?"

"ఏం వేయలేదు," అన్నారు సుబ్బారావుగారు.

గదిలో లైటు ఇంకా వేయలేదు. ఆ చీకట్లో హెప్సిబా నోరు విప్పింది.

"శనివారం నేను ముఖం దగ్గర జుట్టు తీస్తుంటే తల విదిలించాడు డాక్టరుగారూ. గుండ్రటి మొనల కత్తెరే. తగిలినట్టు అనిపించలేదు. తగల్లేదని మాత్రం చెప్పలేను. అప్పుడే వీళ్ళకి చెప్పాల్సింది, చెప్పలేదు."

లైటు వెలిగింది. సుబ్బారావుగారి ముఖం కందగడ్డలా ఉంది.

"పొద్దున లేదన్నావు."

"అన్నాను అంకుల్. తప్పే."

కీర్తన మధ్యలో కల్పించుకుంది. "కత్తెర తగిలిందో లేదో నేను చెప్పలేనండీ. ఈ జాతికి కళ్ళు బయటికి ఉంటాయి, గూడు లోతు ఉండదు. ఎండిపోయిన కంటికి వెంట్రుక తగిలినా పుండవుతుంది, కాలితో రుద్దుకున్నా అవుతుంది. ఇప్పుడు కావాల్సింది మందు. ఈ చుక్కలు రెండు గంటలకోసారి. కన్ను రుద్దుకోకుండా మెడకి పెట్టిన ఈ ప్లాస్టిక్ గొట్టం తీయకండి. శుక్రవారం తీసుకురండి."

బయట మెట్ల మీద సుబ్బారావుగారు ఆగి, ఆమె వైపు చూడకుండానే అన్నారు. "ఇంక మా ఇంటికి రావద్దు అమ్మాయ్."

ఆ సాయంత్రానికే భవానీపురంలో కుక్కలు పెంచేవాళ్ళ వాట్సాప్ గ్రూపులో సంగతి పడింది. జుట్టు కత్తిరించడానికి వచ్చిన మనిషి కత్తెర గుచ్చి కన్ను పోగొట్టిందని రాశారు ఎవరో. గురువారం రమ్మన్న రెండిళ్ళ వాళ్ళు ఇప్పుడు వద్దన్నారు. మూడో ఇంటివాళ్ళు ఫోనే ఎత్తలేదు.

గురువారమంతా హెప్సిబా ఇంట్లో కాలు నిలవకుండా తిరిగింది. కత్తెరలన్నీ వేడినీళ్ళలో మరిగించింది. ఆ గుండ్రటి మొన కత్తెర తీసి, అద్దం ముందు నిలబడి తన రెప్ప మీద ఆనించుకుని చూసింది. తగిలితే తెలుస్తుందా, చేతికి తెలుస్తుందా? జాన్ పాల్ షెడ్డు నుంచి వచ్చి ఆ అవతారం చూసి కత్తెర లాక్కున్నాడు.

"నీ కన్ను కూడా పోగొట్టుకుంటావా ఏంటి?"

"తగిలిందో లేదో తెలిస్తే చాలు."

"తెలీదుగా. డాక్టరే తెలీదంది. నా చేతి కింద వెల్డింగు ఊడిన రోజు నేనూ ఇలాగే అయ్యాను. రెండు రోజులు అన్నం దిగలేదు. మూడో రోజు వెళ్ళి మిగతా అతుకులన్నీ చూసుకున్నాను. నువ్వూ వెళ్ళి చూసుకో."

శుక్రవారం ఆమె అదే చేసింది. తను చూసే షిట్జూలు మొత్తం పదకొండు. పని లేదన్న ఇళ్ళకు కూడా వెళ్ళి, గేటు బయటే నిలబడి, "కళ్ళు ఒక్కసారి చూసి పోతానండీ," అంది. కొందరు రానిచ్చారు, కొందరు కిటికీలోంచే చెయ్యి ఊపారు. చూడనిచ్చిన ఏడింటిలో ఒకదానికి కళ్ళ మూలల్లో జిగురు కట్టి ఉంది. డాక్టరుకు చూపించమని ఆ ఇంటి వాళ్ళకు చెప్పింది. వాళ్ళు ఆమెను ఒక రకంగా చూశారు గాని కాదనలేదు.

శనివారం పదింటికి శివపార్వతిగారు ఫోన్ చేసింది. గొంతు తగ్గించి మాట్లాడుతోంది.

"అంకుల్ బ్యాంకుకి వెళ్ళారు. నువ్వొకసారి రావాలమ్మాయ్. నిన్న డాక్టరమ్మ చూసి భయపెట్టింది. పుండు మానకపోగా లోతు పెరిగిందట. మందు పడుతుంటే ఇలా ఎందుకవుతుందో అర్థం కావట్లేదు, సోమవారం దాకా ఇలాగే ఉంటే కన్ను తీసేయాల్సి రావచ్చంది. మాకా చుక్కలు వేయడం చేతకావట్లేదు. వాడు సీసా చూస్తే మంచం కిందకి దూరిపోతున్నాడు. ఆయన చెయ్యి వణుకు సంగతి నీకు తెలుసుగా."

హెప్సిబా పది నిమిషాల్లో అక్కడుంది. మిన్ను మంచం కింద మూలకు నక్కి ఉంది. మెడ గొట్టం మంచం కోడుకు తగులుకుని ఇటూ అటూ కొట్టుకుంటోంది. ఆమె నేల మీద బోర్లా పడుకుని, పిలవకుండా ఊరికే అలాగే ఉంది. కాసేపటికి గొట్టం గచ్చు మీద గీసుకుంటున్న చప్పుడు దగ్గరకొచ్చింది. తోక ఆడింది. ఆమె చేతి మీద నాకింది. ఎవరి మీదా కోపం నిలవని జాతి అది.

"మందులెక్కడున్నాయి ఆంటీ?"

"ఫ్రిజ్ పైన, ట్రేలో."

ట్రేలో మూడు సీసాలున్నాయి. డాక్టరు రాసినవి రెండు. మూడోదాని మీద కంటి ఆసుపత్రి చీటీ అంటించి ఉంది. పేరు వెంకటసుబ్బారావు. కిందటి నవంబరులో ఆయనకు శుక్లం ఆపరేషన్ అయింది. హెప్సిబా సీసా వెలుగులో పెట్టి చూసింది. అడుగున కాస్త మిగిలింది. మూత దగ్గర తడి ఇంకా ఆరలేదు.

"ఇది ఎవరికి వేస్తున్నారు ఆంటీ?"

"ఆయనదే అది. ఎప్పుడో ఆపేశారుగా." అంటూనే ఆవిడ ఆగిపోయింది.

గేటు చప్పుడైంది. సుబ్బారావుగారు లోపలికొచ్చి, ఫ్రిజ్ దగ్గర హెప్సిబాను, ఆమె చేతిలో సీసాను చూశారు. రావద్దన్నాను కదా అని అడగాల్సిన మనిషి అడగలేదు. చేతి సంచి బల్ల మీద పెట్టి అలాగే నిలబడ్డారు.

"అంకుల్, ఇది మిన్నుకి వేశారా?"

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"సోమవారం నుంచి. నాకు వారంలో ఎరుపు తగ్గించింది అది. మంచి మందే కదా అనుకున్నా."

"ఇవాళ కూడానా?"

"పొద్దున కూడా. డాక్టరమ్మ ఇచ్చిన దాంతో తగ్గట్లేదని దీన్ని రెండుసార్లు చేశా."

శివపార్వతిగారు తల పట్టుకుంది. హెప్సిబాకు ఆ క్షణంలో లోపల ఏదో తేలికపడింది. వెంటనే ఆ తేలికకు సిగ్గేసింది. మిన్ను కాళ్ళ దగ్గర నిలబడి ఒంటి కంటితో ముగ్గురి వైపూ మార్చి మార్చి చూస్తోంది.

"డాక్టరుగారికి ఫోన్ చేయండి అంకుల్. ఇప్పుడే. ఈ సీసా పేరు చదివి చెప్పండి."

"ఏమని చెప్పను? ఆవిడ అడిగితే వేయలేదన్నాను."

"నేనూ మీకు ఫోన్‌లో లేదనే చెప్పాను కదండీ. తర్వాత చెప్పుకున్నాను. చెప్తే ఇంకో మందు ఉంటుందేమో."

ఆయన ఫోన్ తీశారు. చెయ్యి వణికి నంబరు రెండుసార్లు తప్పింది. మూడోసారి కలిసింది. సీసా మీద అక్షరాలు ఒక్కొక్కటీ చదివి వినిపించారు. అవతల కీర్తన గొంతు హెప్సిబా దాకా వినిపించింది. "వెంటనే ఆపేయండి. అది స్టెరాయిడ్, పుండు మీద పడితే మానదు, కంటి పొరే కరిగిపోతుంది. ఇప్పుడే తీసుకురండి."

క్లినిక్‌కు ముగ్గురూ ఆటోలో వెళ్ళారు. హెప్సిబా మిన్నును ఒళ్ళో పెట్టుకుంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర ఎండ మొహాన కొడుతుంటే తడి తువ్వాలు దాని వీపు మీద కప్పి, ఎక్కడ రొప్పు మొదలవుతుందోనని ఎండకు చెయ్యి అడ్డు పెట్టి, ప్రతి సిగ్నల్ దగ్గరా ఆటో అతన్ని పోనివ్వమని తొందర పెట్టింది.

కీర్తన ఆయన్ను తిట్టలేదు. మిన్ను రక్తమే కాస్త తీసి, అందులోంచి చుక్కల మందు తయారు చేసింది. గంటకోసారి వేయమంది. కన్ను నిలుస్తుందో లేదో మూడు రోజులు ఆగితే గాని చెప్పలేనంది.

ఆ మూడు రోజులూ హెప్సిబా పగలంతా వాళ్ళింట్లోనే ఉంది. ఎవరూ ఉండమనలేదు, వెళ్ళమనలేదు. గంటకోసారి మందు వేయడం, మధ్యలో వాకిట్లోకి వెళ్ళి రావడం, గడియారం చూడడం, మళ్ళీ మిన్ను కన్ను చూడడం. రెండో రోజు సుబ్బారావుగారు దగ్గరకొచ్చి నిలబడ్డారు.

"వాడు నీకు కదలడు. ఎలా పట్టుకుంటున్నావు?"

"ఎదురుగా వెళ్తే సీసా కనపడి భయపడతాడు అంకుల్. వెనకనుంచి రావాలి. గడ్డం కింద ఎడమ చెయ్యి పెట్టి తల పైకెత్తండి. కుడి చేతి మణికట్టు వాడి నెత్తి మీద ఆనించండి. అప్పుడు చెయ్యి వణికినా వాడి తలతో పాటే కదులుతుంది, సీసా కంటికి తగలదు."

ఆయన ప్రయత్నించారు. మొదటి చుక్క ముక్కు మీద పడింది. మిన్ను నాకేసింది. రెండోది కంట్లో పడింది.

"నా చెయ్యి ఇలా ఉందనే నువ్వు తగిలించావని అంత గట్టిగా అన్నానేమో," అన్నారాయన సీసా మూత పెడుతూ. "సోమవారం మొదటిసారి వేసినప్పుడు సీసా కొన వాడి కంటికి తగిలింది. ఆ సంగతి మీ ఆంటీకి కూడా చెప్పలేదు."

హెప్సిబా గడియారం చూసి తర్వాతి చుక్క టైము గుర్తు పెట్టుకుంది. పుండు ఎవరిదో ఇక ఎన్నటికీ తేలదని మాత్రం అర్థమైంది.

మంగళవారం నీలం దీపం కింద మచ్చ చిన్నదైంది. మే నెల మధ్యకు పూర్తిగా మానింది. కన్ను నిలిచింది గాని మధ్యలో పొగమంచులాంటి మచ్చ ఉండిపోయింది. ఎడమవైపు మిన్నుకు సగమే కనపడుతుంది. కళ్ళు తడిగా ఉంచే మందు రోజుకు రెండుసార్లు, బతికున్నన్నాళ్ళూ వేయాలి. ఆ పని సుబ్బారావుగారిదే. పొద్దున ఆరున్నరకు, సాయంత్రం ఆరున్నరకు. మిన్నుకు తగలకుండా హాల్లో కుర్చీలన్నీ ఆయనే గోడవారకు జరిపించారు.

ఆయన గ్రూపులో నాలుగు వాక్యాలు రాశారు. కన్ను పాడవడానికి తన సొంత వైద్యం పెద్ద కారణమని, డాక్టరును అడగకుండా మనుషుల చుక్కలు ఎవరూ వేయవద్దని, హెప్సిబా కనిపెట్టకపోతే కన్ను పోయేదని. కొన్ని ఇళ్ళు తిరిగొచ్చాయి. రెండిళ్ళు రాలేదు. కళ్ళ మూలల్లో జిగురున్న కుక్కకు కూడా అదే జబ్బు మొదలవుతోందని డాక్టరు చెప్పింది. తొందరగా బయటపడింది కాబట్టి మందుతో సర్దుకుంది.

హెప్సిబా పద్ధతి మార్చుకుంది. ముఖం దగ్గర పని చేసేటప్పుడు ఇంటివాళ్ళు ఒకరు తల పట్టుకుని తీరాలి. టీవీ, మిక్సీ, కుక్కర్ అన్నీ ఆపాలి. కుక్క కదిలితే, తగలకపోయినా అక్కడికక్కడే చెబుతుంది. కొత్త ఇంటికి వెళ్తే కత్తెర తీయకముందే మిన్ను సంగతి మొదలుపెడుతుంది. వద్దని జాన్ పాల్ ఎన్నోసార్లు చెప్పాడు. బేరం చెడగొట్టుకుంటున్నావన్నాడు. చెప్పకపోతే ఆ రోజంతా చెయ్యి స్థిమితంగా ఉండదంటుందామె.

జూన్‌లో గొల్లపూడిలో రుచిత అనే అమ్మాయి నాలుగు నెలల షిట్జూ పిల్లకు మొదటి కటింగ్ కోసం పిలిచింది. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే హెప్సిబా అంతా చెప్పేసింది. రుచిత విని, పిల్లను గుండెకు హత్తుకుని ఒక అడుగు వెనక్కి వేసింది.

"అయితే మీ చేతిలోనే అయిందా?"

"తెలీదండీ. అయ్యుండొచ్చు."

హెప్సిబా సంచి ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంది. లోపల ఫ్యాన్ తిరుగుతోంది, కుక్కపిల్ల రుచిత చున్నీ కొరుకుతోంది.

"ముఖం ఇవాళ వద్దు," అంది రుచిత చివరికి. "కాళ్ళ గోళ్ళు తీయండి. వచ్చే నెల చూద్దాం."

"సరేనండీ. కళ్ళు మాత్రం ఒకసారి చూడనివ్వండి," అంటూ హెప్సిబా గచ్చు మీద కూర్చుని చెయ్యి చాపింది.